నల్లగుడ్డ కింద మొగ్గలు

ఎల్బీనగర్‌లో యాదమ్మ ఇంటికి ఆ మొక్క బస్సెక్కి, టిఫిన్ డబ్బాలో కూర్చుని వచ్చింది. బడంగ్‌పేట్‌లో ఉండే ఆడబిడ్డ సైదమ్మ రెండాకుల తునకను తడిగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని తెచ్చింది.

“వదినా, గిది బ్రహ్మకమలం,” అంది చెప్పులైనా విడవకుండా. “పూసిననాడు దీని ముందల కూసోని ఏది మొక్కుకుంటే అది అయితదట. బయట పెట్టేవు, మంది కండ్లు పడతయి. దేవుని కాడనే పెట్టుకో.”

ఆడబిడ్డ అంత చెప్పాక యాదమ్మ కాదంటుందా? ముందు హాల్లో తూర్పు గోడకు దేవుడి పటాలు, వాటి మీద రాత్రనక పగలనక వెలిగే ఎర్ర జీరోబల్బు, పక్కనే కిటికీ. పటాల కింద పీట వేసి కుండీని దాని మీద కూర్చోబెట్టింది. పొద్దున పసుపు కుంకుమ, పొద్దుగూకితే దీపం. ఎదురు గోడకు టీవీ, దాని మీద ట్యూబులైటు. ఇంటిల్లిపాదీ మంచాలెక్కేదాకా ఆ హాలు పెళ్ళిపందిరిలా వెలుగుతూనే ఉంటుంది. మొక్క ఏపుగా పెరిగింది. ఆకుకు ఆకు తగులుకుని గొలుసుల్లా కుండీ చుట్టూ వేలాడింది. ఇంత చేసీ ఒక్క మొగ్గ లేదు. మూడు కార్తీకాలు వచ్చాయి, పోయాయి. ఆకులే తప్ప పువ్వు లేదు.

“మనలో ఎవరమో అంటుముట్టు చూసుకోలేదేమో పిన్నిగారూ,” అనేది లలితకుమారి దిగులుగా.

“ఏం లేదు బిడ్డా, దానికి ఇంకా ముహూర్తం దొరకలే,” అనేది యాదమ్మ.

లలితకుమారి పై వాటాలో కిరాయికుండే మనిషి. వాళ్ళది రేపల్లె దగ్గర పల్లెటూరు. భర్త రామారావు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఒక్కగానొక్క కూతురు మృదుల పెళ్ళయి బెంగళూరు వెళ్ళిపోయింది. యాదమ్మ వాళ్ళది పోచంపల్లి. మగ్గం మీద బతికిన కుటుంబం. పెనిమిటి బ్రహ్మం నేసిన చీరలు మోసుకుని పట్నం వచ్చి, ఉన్నన్నాళ్ళూ ఒక్కో గదీ లేపుతూ ఈ ఇల్లు కట్టి, పై వాటా పూర్తయిన ఏడే కాలం చేశాడు. ఆయన పోయిన కొత్తలో ఇల్లు బోసిగా ఉంటే, కిరాయికి వచ్చిన లలితకుమారి మొదటి రోజే గిన్నెతో పులుసు పట్టుకుని మెట్లు దిగింది. ఆ దిగడం దిగడం రోజూ దిగుతూనే ఉంది. మధ్యాహ్నం పూట ఇద్దరూ మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటారు. గోంగూరలో ఎండుమిరప వేయాలా పచ్చిమిరప వేయాలా అని ఎన్నేళ్ళ నుంచో తగువు, ఇంతవరకు తెగలేదు. కన్నకూతురు లేని యాదమ్మకు ఆ పై వాటా గాజుల చప్పుడే కూతురు.

ఆ ఏడు వినాయకుళ్ళ నిమజ్జనం అయిందో లేదో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు వండుకుని తిన్నారు. యాదమ్మ కొడుకు కృష్ణ దిల్‌సుఖ్‌నగర్‌లోని బట్టల దుకాణం షట్టరు సగం దించి, సగం పొద్దు ర్యాలీల్లోనే ఉండేవాడు. కోచింగ్ సెంటరూ మూతపడటంతో రామారావుకు తోచేది కాదు. పంచె కట్టుకుని మేడ మీద ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాడు. రేపల్లె నుంచి చుట్టాలు రోజూ ఫోను. ‘అక్కడెలా ఉన్నారు, వచ్చేయండి’ అని ఒకరు, ‘విజయవాడలో పెద్ద కాలేజీలో లెక్కల వాళ్ళు కావాలిట’ అని ఇంకొకరు.

కృష్ణకూ రామారావుకూ వైరం ఏమీ లేదు. చెప్పొద్దూ, ఆ ఇంట్లో మగవాళ్ళిద్దరికీ ఉన్నంత కుదురు అన్నదమ్ములకు కూడా ఉండదు. పొద్దున ఒకే పేపరును చెరో సగం చింపుకున్నట్టు చదివేవాళ్ళు. రాత్రి యాదమ్మ హాల్లో ఒకే టీవీ ముందు ఒకే సోఫాలో చాయ్ తాగేవాళ్ళు. ఆ టీవీయే కొంప ముంచింది. ఒకనాడు అందులో నలుగురు కూర్చుని, ఒకరి మాట ఒకరు విననీయకుండా కేకలేసుకుంటున్నారు. ఆ కేకలు టీవీలోంచి సోఫాలోకి ఎప్పుడు దిగాయో ఎవరికీ తెలియదు.

“మీ ఉద్యమం మీరు చేసుకోండి కృష్ణా, కాదనను. మధ్యలో పిల్లల చదువులేం పాపం చేశాయి?” అన్నాడు రామారావు.

“సదివినోళ్ళకు కొలువుల్లేకనే గద సార్ మేం రోడ్డెక్కింది!”

“దానికి నేనేం చేశానయ్యా? నా మీద అరుస్తావేం?”

“మిమ్మల్నెవరన్నరు? గంత తిప్పలయితుంటే పోరాదుండ్రి మీ ఊరికి!”

అని నాలుక కరుచుకున్నాడు గానీ, మాట గడప దాటిపోయింది. కోడలు ప్రసన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి టీవీ కట్టేసింది. రామారావు సగం తాగిన గ్లాసు కింద పెట్టి, చెప్పులు వెతుక్కుని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. యాదమ్మ వంగి ఆ గ్లాసు అందుకుంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి చాయ్ చుక్క మిగిల్చింది లేదు.

“గదేం మాటరా, నీ నోట్ల మన్నువడ!” అంది కొడుకుతో. “ఇంటి మీదున్న మనిషిని పొమ్మంటవా?”

“అన్లే అమ్మా! వచ్చేసింది.”

“వచ్చేసిందాన్ని ఎనుకకు తెచ్చుకో మల్ల.”

కృష్ణ తెచ్చుకోలేకపోయాడు. మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ ఫోన్లు చూసుకున్నారు. ఆ మూడోనాడు లలితకుమారి బియ్యం చేట పట్టుకోకుండా, ఒట్టి చేతులతో దిగి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

“విజయవాడ వాళ్ళకు మాటిచ్చేశారు పిన్నిగారూ. కార్తీకంలో మంచిరోజు చూసి వెళ్ళిపోదామంటున్నారు.”

“నువ్వేమన్నవు?”

“ఏమంటాను? ఆయన సంగతి తెలుసుగా. అరిచే మనిషైతే నేనూ అరుద్దును. ఆయన నోరు మూసుకుంటే ఇక కదలడు.”

యాదమ్మ లేచి, లలిత చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకుపోయి మొక్క చూపించింది.

“గిదే తీస్కపో బిడ్డా. చీరైతే చినుగుతది, గిన్నైతే సొట్టబడతది. నాకు పూయకపోయినా నీకన్న పూస్తదేమో.”

లలిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారంలోనే గంగాధరరావు వచ్చాడు. రామారావుతో పాటు కోచింగ్ సెంటర్లో వృక్షశాస్త్రం చెప్పే మనిషి. బస్సులు లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చి, మెట్లెక్కే ఓపిక లేక కింద హాల్లోనే కూలబడి మంచినీళ్ళడిగాడు. రామారావు మర్యాద కోసం కిందికి దిగక తప్పలేదు, వెనకే లలితకుమారీ దిగింది. నీళ్ళు తాగుతూ గంగాధరరావు మూలకు చూశాడు. గ్లాసు అలాగే చేతిలో ఉండిపోయింది.

“అమ్మా, దీనికి పసుపు కుంకుమ ఎందుకు పెట్టారు?”

“బ్రహ్మకమలం గద సారూ.”

“ఎవరు చెప్పారు మీకు?”

“మా ఆడబిడ్డ.”

“ఆవిడకెవరు చెప్పారు?”

“దాని తోడికోడలు. ఆమెకెవరు చెప్పిన్రో గది నాకెర్క లే.”

గంగాధరరావు నవ్వి, లేచి ఒక ఆకుల గొలుసును వేలి మీదకు ఎత్తాడు. “బ్రహ్మకమలం ఆకు ఇంత పొడుగు, కత్తిలాగ ఉంటుందమ్మా. ఇది చూడండి, పీత కాళ్ళలాగ ముక్కకు ముక్క. దీన్ని క్రిస్మస్ కాక్టస్ అంటారు. చలికాలంలో పూస్తుంది, పగలే పూస్తుంది.”

“కాక్టసంటే ముండ్లుండాలె గద?”

“ఇది ఎడారిది కాదు, అడవిది. చెట్ల కొమ్మల సందుల్లో పెరుగుతుంది. ముళ్ళతో దానికి పనిలేదు.”

యాదమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. “అయితే నేను ఇన్నొద్దులు మొక్కింది క్రిస్మస్ చెట్టుకా?”

ఎన్నాళ్ళకో లలితకుమారి పకపకా నవ్వింది. రామారావు మీసం కూడా కదిలింది గానీ వెంటనే సర్దుకున్నాడు.

“మరి ఎందుకు పూయదు సారూ? నీళ్ళు తక్కువయినయా? పేడ ఎయ్యాల్నా?”

గంగాధరరావు బల్బు చూశాడు, దీపం కుంది చూశాడు, ట్యూబులైటు చూశాడు, టీవీ చూశాడు. “మీరు దీన్ని నిద్రపోనిచ్చిందెప్పుడమ్మా? పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా దీనికి చిక్కటి చీకటి కావాలి. రాత్రి పెద్దదవుతోందంటే చలికాలం వస్తోందని లెక్క, అప్పుడు మొగ్గ వేస్తుంది. మధ్యలో కాస్త వెలుగు పడిందా, లెక్క తప్పి మళ్ళీ మొదటికి వస్తుంది. మీ ఎర్రబల్బు కింద దీనికి ఒక్క రాత్రి కూడా కాలేదు. ఇన్నేళ్ళూ ఒకటే పగలు!”

“నా తల్లీ!” అని యాదమ్మ లెంపలేసుకుంది. అవి దేవుడికో మొక్కకో ఆమెకే తెలియాలి.

“నీళ్ళు తగ్గించండి, పైన మట్టి ఆరాకే పోయండి. రాత్రిపూట చీకటీ చల్లదనం చూసుకోండి. మొగ్గలు పడ్డాక మాత్రం కుండీని అటూ ఇటూ కదల్చకూడదు. వెలుగు మారినా చోటు మారినా అలిగి మొగ్గలన్నీ రాల్చేస్తుంది.” మొక్కను లలితకు ఇచ్చేశానని యాదమ్మ చెబితే రామారావు వైపు తిరిగాడు. “విజయవాడ తీసుకెళ్తారా? ఆ వేడికి అక్కడ పూయడం కష్టమండీ. పూయించుకుంటే ఇక్కడే, ఈ ఊరి చలిలోనే పూయించుకోండి.”

ఆయన వెళ్ళాక హాల్లో ముగ్గురూ మొక్క వైపు చూస్తూ నిలబడ్డారు. దేవుడి బల్బు ఆర్పడానికి యాదమ్మకు మనసొప్పలేదు. బ్రహ్మం పెట్టిన బల్బు అది.

“బల్బు ఎందుకు ఆర్పడం? మొక్కను కప్పితే సరి,” అన్నాడు రామారావు. లెక్క దొరికితే విడిచే మనిషి కాదు. పైకి పోయి కాలు విరిగిన ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు. దాన్ని తిరగేసి, పలక మీద కుండీ పెట్టి, పైకి లేచిన కాళ్ళ మీద ఓ దుప్పటి పరిచి చూశాడు. తల వంచి లోపలికి తొంగి చూసి, “ఊహూఁ, వెలుగు దిగుతోంది. దళసరి గుడ్డ కావాలి. నల్లదైతే మంచిది,” అన్నాడు.

మర్నాడు సోఫా మీద నాలుగు మడతల నల్లగుడ్డ ఒకటి పడి ఉంది. ధర్నాలకు నల్లజెండాలు కుట్టేవాళ్ళు కొనుక్కుపోగా కృష్ణ దుకాణంలో మిగిలిన ముక్క. తెచ్చినవాడు మాట్లాడలేదు, తీసుకున్నవాడు అడగలేదు.

యాదమ్మ ఇద్దరినీ చూసింది. “సారూ, పొద్దుగూకంగనే కప్పి, పొద్దున తీయాలె గద, నాకేమో ఈ నడుమ యాది నిలుస్తలేదు. జర మీరే చూసుకోండ్రి,” అంది.

పోచంపల్లిలో ఎవరి పెళ్ళి ఏ తిథికి జరిగిందో, ఆ పెళ్ళిలో ఎవరు అలిగి తినకుండా వెళ్ళారో ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్పే యాదమ్మ ఆ మాట అంటే లలిత ఆమె మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. యాదమ్మ మాత్రం పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీ ఒకటి తెచ్చి రామారావు చేతిలో పెట్టింది.

“గుడ్డ కింది అంచు దీంతోటి బిగించుండ్రి. చీరెల రంగు కోసం మేం దారాన్ని గిట్లనే కడతం. కట్టు వదులైతే రంగు లోపలికి జొరబడతది, బొమ్మ పాడయితది. వెలుగు గూడ గంతే అనుకోండ్రి. మంచిగ కట్టి, ఆగి, ఇప్పితేనే పువ్వు.”

అలా రామారావుకు రోజూ రెండు పూటలా కింది హాల్లో పనిపడింది. చాయ్ ఇస్తే తాగాడు, మిగల్చలేదు. టీవీ ముందు ఎవరూ కూర్చోవడం లేదు కాబట్టి దాన్ని పెట్టడమే మానేశారు. సమ్మెతో బొగ్గు రాక కరెంటు కోతలు మొదలైతే కాలనీ అంతా తిట్టిపోసింది. రామారావు ఒక్కడే, “పోనీలెండి, మొక్కకు మంచిదే,” అని మెట్ల మీద విసనకర్రతో విసురుకునేవాడు.

బతుకమ్మ రోజులు వచ్చాయి. ఆ ఏడు బతుకమ్మ పాటల్లో సగం ఉద్యమం పాటలే. ఏటా యాదమ్మ పక్కన చప్పట్లు కొట్టి ఆడే లలితకుమారి ఈసారి మేడ మీది పిట్టగోడకు చేతులానించి చూస్తూ నిలబడింది. యాదమ్మ పాట మధ్యలో వలయం విడిచిపెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది.

“ఏందే, గౌరమ్మ నీకేమన్న బాకీ పడ్డదా? దిగు!”

“నన్నెవరైనా ఏమైనా అంటారేమో పిన్నిగారూ.”

“అననీ. నా ఇంట్ల నా బిడ్డను అనేటోళ్ళెవరో నేను గూడ చూడాలె.”

ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటి రాములమ్మ మాత్రం, “లలితమ్మ లేకపోతే నీ అడుగు తప్పుతుందిలే యాదమ్మా, మేం చూడలేక చస్తున్నం,” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో లలిత కలిసిపోయింది.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నల్లగుడ్డ ఉతికి దండెం మీద ఆరేశారు. దీపాలవేళ అవుతుంటే రామారావు దాన్ని తీసి, గేటు దగ్గర నిలబడి ఫటఫటమని దులుపుతున్నాడు. అదే సమయానికి వీధి మలుపులోంచి ఊరేగింపు వచ్చింది. డప్పులు, జెండాలు, నినాదాలు. ముందు వరసలోవాళ్ళు చూస్తే ఏముంది, గేటు ముందు లెక్కల సారు, రెండు చేతులా ఎత్తి ఊపుతున్న నల్లగుడ్డ!

“అరె, రామారావు సార్ గూడ నిరసన తెల్పుతుండు!” అని ఎవరో అరిచారు.

“జై తెలంగాణ సార్!”

చప్పట్లు మోగాయి. డప్పులవాళ్ళు గేటు ముందు ఆగి మరో దరువు వేశారు. రామారావు గుడ్డ పైకి ఎత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. దించితే ఏమనుకుంటారో, ఎత్తి ఉంచితే ఏమనుకుంటారో తెలియక, చెమటలు కారుతుండగా చిన్నగా తల ఊపాడు. ఊరేగింపు మధ్యలో ఉన్న కృష్ణకు ఆ గుడ్డ ఏ గుడ్డో తెలుసు. నవ్వు ఆపుకోలేక జెండా కర్రను పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. కిటికీలోంచి చూస్తున్న యాదమ్మ, లలిత ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఊరేగింపు ముగిశాక కృష్ణ తిన్నగా హాల్లోకి వచ్చాడు. రామారావు మోకాళ్ళ మీద కూర్చుని స్టూలు చుట్టూ ట్యూబు పట్టీ బిగిస్తున్నాడు.

“సార్, బస్తీల మస్తు పేరొచ్చింది మీకు.”

“నేను గుడ్డ దులుపుకుంటున్నానయ్యా!”

“ఇప్పుడెవరు నమ్ముతరు? రేపు వంటావార్పుకు మిమ్మల్ని పిలుస్తమంటుండ్రు.” ఒక్క క్షణం ఆగి, ఆ నల్ల డేరా వైపు చూసి, “అయినా మీది ముందే మొదలైంది గద సార్. చెట్టు గూడ దీక్షకు కూసున్నది,” అన్నాడు.

రామారావు నవ్వకుండా ఉండాలని చూశాడు. పట్టీ చేతిలోంచి జారి టప్పున వేలికి తగిలింది. అప్పుడు నవ్వాడు. ప్రసన్న పిలవకుండానే రెండు చాయ్‌లు తెచ్చింది.

మాటలైతే కలిశాయి గానీ ప్రయాణం ఆగలేదు. ఇచ్చిన మాట ఇచ్చిందే. దీపావళికి ముందే సమ్మె ఆగి కోచింగ్ సెంటరు తెరిచారు. రామారావు మళ్ళీ క్లాసులకు వెళ్ళొస్తూనే, ఇంకో పక్క పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నాడు. యాదమ్మ పైనుంచి దిగే ప్రతి చప్పుడునూ వింటోంది. పెట్టె లాగిన చప్పుడు, బీరువా జరిపిన చప్పుడు. ఆ చప్పుళ్ళకు ఆమెకు అన్నం సయించేది కాదు.

దీపావళి వెళ్ళాక ఓ పొద్దున గుడ్డ తీసిన రామారావు కేకకు ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. ఆకుల గొలుసుల కొసల్లో ఎర్రటి చుక్కలు. బియ్యపు గింజంత ఒకటి, ఆవగింజంత ఒకటి. ఎక్కడ చూస్తే అక్కడే. లలిత కళ్ళద్దాలు పెట్టుకుని లెక్కపెట్టబోయి, మళ్ళీ మళ్ళీ తప్పి, చివరకు వదిలేసింది.

“ఎవరూ ముట్టుకోకండి! కుండీ తిప్పకండి! ఊడ్చేటప్పుడు చీపురు తగలకూడదు!” అని రామారావు పరీక్ష హాల్లో తిరిగినట్టు హాలంతా తిరిగాడు.

ఆ మొగ్గలు వేలి కణుపంతై తల వంచేసరికి సామాను డీసీఎం వ్యాను గేటు ముందుకు వచ్చి ఆగింది. డ్రైవరు మట్టయ్య, బీడీ ఆర్పి, తువ్వాలు నడుముకు బిగించాడు. మంచాలు, బీరువా, పుస్తకాల పెట్టెలు దిగుతున్నాయి. లలితకుమారి ఒక మూటను ముడి వేయడం, మళ్ళీ విప్పడం, మళ్ళీ వేయడం తప్ప ఏ పనీ చేయడం లేదు. కృష్ణ పెట్టెలు మోస్తున్నాడు గానీ ఒక్కో పెట్టెను రెండు పెట్టెలంత బరువుగా మోస్తున్నాడు.

యాదమ్మ హాల్లోకి వెళ్ళింది. నల్లగుడ్డ తీసి మడత పెట్టింది. కుండీకి అటూ ఇటూ చేతులు వేసింది. ఇన్నేళ్ళూ ఈ చెట్టు పూస్తే చాలనుకున్న మనిషి. ఇప్పుడు ఎత్తిందా, మొగ్గలు రాలతాయి. ఎత్తలేదా, ఇంక చేసేది ఏముంది? పటాల వైపు ఒక్కసారి చూసి, గుండె రాయి చేసుకుని, “లలితమ్మా! చెట్టును ముందల సీట్ల నీ ఒళ్ళె పెట్టుకో బిడ్డా. నేను ఎత్తుకొస్తున్న!” అని గట్టిగా అరిచింది. కుండీ మాత్రం ఇంకా కదల్లేదు.

బయట వ్యాను దగ్గర అట్టపెట్టె కింద పడ్డ చప్పుడైంది. చెప్పులతోనే రామారావు దేవుడి మూల దాకా పరుగెత్తుకొచ్చాడు.

“పిన్నిగారూ! ఏం చేస్తున్నారు? దించండి! అంటే, ఎత్తకండి! మొగ్గలన్నీ రాలిపోతాయి!”

“మరెట్ల సారూ? మీ చెట్టు మీ ఎంబడి రావాలె గద.”

“ఇప్పుడు కాదు. ఇప్పుడెలా వస్తుంది? పూసేదాకా దాన్ని ఇక్కడి నుంచి అంగుళం కదల్చకూడదు.”

“అయితే మీరు పొండ్రి. పూసినంక నేను చూసి చెప్త.”

రామారావు ఆమె మొహం చూశాడు. మొగ్గల్ని చూశాడు. పొద్దున, సాయంత్రం, చలిలో, కరెంటు లేని చీకట్లో, నెలల తరబడి తను కట్టి విప్పిన మొక్క. మట్టయ్య గుమ్మంలో నిలబడి, “సార్, ఎక్కించాల్నా వద్దా? ఒక మాట చెప్తె నా కిరాయి నేను చూసుకుంట,” అన్నాడు.

కృష్ణ భుజం మీద పుస్తకాల పెట్టెతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. దాన్ని వ్యాను వైపు కాకుండా మెట్ల వైపు తిప్పాడు.

“సార్, ఆనాడు నా నోరు జారింది. మీరు పోతే పొద్దుగాల పేపరు ఎవరితోటి కొట్లాడుకుంట చదవాలె? నాకు ఒక్కన్నే అర్థం గూడ కాదు,” అని, జవాబు వినకుండా పెట్టెతో పైకి ఎక్కేశాడు.

రామారావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు కాళ్ళ చెప్పులు గుర్తొచ్చి, లెంపలేసుకుని, బయట విడిచి వచ్చి ఫోను తీశాడు. “నమస్కారమండీ... లేదండీ, ఇప్పుడే రాలేను. ఇంట్లో... అంటే, ఇంట్లో మొగ్గలు...” అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, “అలాగే, వేరేవాళ్ళనే చూసుకోండి. మంచిది,” అని పెట్టేశాడు.

లలితకుమారి ఈసారి మూట ముడి విప్పింది, మళ్ళీ వేయలేదు. అక్కడే కూర్చుని భోరుమంది. యాదమ్మ కుండీ మీద నుంచి చేతులు తీసి ఆమె వీపు మీద వేసింది. మట్టయ్యకు సగం కిరాయి ఇచ్చి, కడుపునిండా అన్నం పెట్టి పంపారు. “ఎక్కించడానికి ఒస్తే దించుడే పని,” అని నవ్వుకుంటూ పోయాడు.

మార్గశిరంలో, చలి బాగా ముదిరిన ఒక పొద్దున, అది పూసింది. ఒకటీ రెండూ కాదు, గొలుసు గొలుసుకూ ఒకటి. రేకుల మీద రేకులు వెనక్కి విరుచుకుని, ఎగరబోయే పిట్టల్లా. రంగు చూసి కృష్ణ హాలు అదిరేలా కేక పెట్టాడు.

“సార్! మీ చెట్టు మా గులాబీ జెండా ఎత్తింది!”

“ఆ పువ్వు మీ జెండా కంటే ముందు పుట్టిందయ్యా,” అన్నాడు రామారావు.

“మా దుకాణం గుడ్డ కప్పినంకనే గద పూసింది!”

“గుడ్డ కట్టింది ఎవరు?”

తగువు ముదురుతుంటే యాదమ్మ కళ్ళు చికిలించి పువ్వును దగ్గరగా చూసింది. బతుకంతా రంగులు చూసిన కళ్ళు అవి. “ఇద్దరికీ ఎర్కలేదు. గులాబీ గాదు, ఏం గాదు. ఇది రాణిరంగు,” అంది. ఇక అప్పీలు లేదు.

కాలనీ అంతా వచ్చి చూసింది. సైదమ్మ బడంగ్‌పేట్ నుంచి వచ్చి, కాక్టస్ సంగతి విని మండిపడింది. “ఏం గాదు. నేనిచ్చింది బ్రహ్మకమలమే. మీ ఎల్బీనగర్ నీళ్ళకు రంగు మారింది,” అని తేల్చి, అయినా వెళ్ళేటప్పుడు రెండాకుల తునక గిల్లి మళ్ళీ డబ్బాలో పెట్టుకుంది.

ఆ ఆదివారం పొద్దున యాదమ్మ వాకిలి ఊడుస్తుంటే రామారావు మెట్లు దిగి వచ్చాడు. మొహం గంభీరంగా ఉంది.

“పిన్నిగారూ, మీతో ఒక మాట చెప్పాలి.”

యాదమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. మళ్ళీ విజయవాడ ఫోను చేసిందా?

“పైన వంటింట్లో కొళాయి కారుతోందండీ. వాషరు వేస్తే ఆగేది కాదు, మొత్తం మార్పించాలి. దొడ్డి తలుపు కూడా వానకు ఉబ్బి మూసుకోవడం లేదు. వచ్చే వానాకాలం లోగా చిత్రిక పట్టించాలి. ఇంక మృదుల ఎండాకాలం సెలవులకు వస్తానంటోంది, ఆ చిన్న గదికి సున్నం వేయిస్తే...”

కిరాయివాళ్ళు ఇంటి లోపాలు ఏకరువు పెడితే ఏ ఇంటావిడకైనా ఒళ్ళు మండుతుంది. యాదమ్మ చీపురు అక్కడే పారేసి, మొహమంతా నవ్వు చేసుకుని, ఇంట్లోకి చూసి ఒక్క కేక పెట్టింది.

“కృష్ణా! ఓ కృష్ణా! సారోళ్ళ నల్లా కారుతుందట! ప్లంబరును పట్టుకరా!”

“ఆదివారం పూట ఎవడొస్తడమ్మా?” అన్నాడు కృష్ణ దుప్పట్లోంచి.

“ఆదివారమైతే నల్లా కారుడు ఆగుతదారా? లే!”